కింది ర్యాంకుల్లో ఉన్న మహిళా టెన్నిస్ క్రీడాకారిణి తన వృత్తిని నడుపుకోవడం ఎలా?

మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ ర్యాంకును గడచిన 52 వారాల్లోని అత్యుత్తమమైన 18 ఫలితాల పాయింట్లను కూడి నిర్ణయిస్తారు. వృత్తి టెన్నిస్‌లో మొదటి మెట్టు అయిన ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) డబ్ల్యూ15 టోర్నీ గెలిచిన వారికి వచ్చేవి 15 పాయింట్లు. అంటే ఒక క్రీడాకారిణి ఏడాదిలో పద్దెనిమిది డబ్ల్యూ15 టోర్నీలు ఆడి, ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా పద్దెనిమిదింటినీ గెలిచినా ఆమె ఖాతాలో చేరేవి 270 పాయింట్లే. గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్‌లో, అంటే నాలుగు పెద్ద టోర్నీల ప్రధాన డ్రాకు ముందు జరిగే అర్హత పోటీల్లో, చోటు దొరకాలంటే ఈ మధ్యకాలంలో 300 పాయింట్లకు అటూ ఇటూగా కావలసి వస్తోంది. 300వ ర్యాంకుకు అవతల ఉన్నవారు ముందుగా అర్థం చేసుకోవలసిన లెక్క ఇది. గెలుపులు ఎన్ని ఉన్నాయన్న దానికంటే అవి ఏ మెట్టు మీద వచ్చాయన్నదే ఈ వృత్తిలో ఎక్కువ తేడా తెస్తుంది. కాబట్టి ఎక్కడ ఆడాలో ఎంచుకోవడాన్ని కూడా సర్వీసు, బ్యాక్‌హ్యాండ్‌ల మాదిరిగానే సాధన చేసి నేర్చుకోవాలి.

ఈ వ్యాసం అంతటా నేను ఒక్క లక్ష్యాన్నే దృష్టిలో పెట్టుకుంటాను: గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్. ట్రోఫీలు, టాప్ 100, టీవీ కోర్టులు ఆ తరువాతి సంగతి. దీనికి కారణం పూర్తిగా ఆర్థికమైనది. డబ్ల్యూ15 విజేత చేతికి వచ్చే సొమ్ము 2,000 డాలర్లకు కాస్త పైన ఉంటుంది; అందులోనే తొలి రౌండ్‌లో ఓడితే 200 డాలర్లు కూడా రావు, పాయింటు ఒక్కటీ రాదు. 2024 యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ తొలి రౌండ్‌లో ఓడిన క్రీడాకారిణికి మాత్రం 25,000 డాలర్లు లభించాయి. ప్రధాన డ్రా తొలి రౌండ్‌లో ఓడినవారికి 100,000 డాలర్లు. అలాంటి క్వాలిఫయింగ్ డ్రాలు ఏడాదికి నాలుగు, ఒక్కోదానిలో 128 మంది. ప్రధాన డ్రాలో నేరుగా చోటు పొందినవారిని తీసివేస్తే, దాదాపు 230వ ర్యాంకు చుట్టుపక్కల ఈ తలుపు మూసుకుంటుంది.

ఐటీఎఫ్ 2013 సంవత్సరపు లెక్కలతో జరిపిన అధ్యయనంలో, వృత్తి టెన్నిస్ ఆడే మహిళకు కోచ్ జీతం కలపకుండానే ఏడాదికి సగటున 40,180 డాలర్లు ఖర్చవుతుందనీ, సుమారు 253వ ర్యాంకు దగ్గర ఆదాయమూ ఖర్చూ సరిసమానం అవుతాయనీ తేలింది. ధరలు అప్పటికీ ఇప్పటికీ మారాయి. అయినా ఖర్చులకు సరిపడే ర్యాంకూ స్లామ్ క్వాలిఫయింగ్ ర్యాంకూ ఇంత దగ్గరగా ఉండడాన్ని నేను యాదృచ్ఛికమని అనుకోను. ఆ నాలుగు చెక్కులు వచ్చేవారు నిలదొక్కుకుంటారు, రానివారు చేతి డబ్బు పెట్టుకుని ఆడుతూ ఉంటారు.

మొదటి ర్యాంకు

ఐటీఎఫ్ టోర్నీలకు ఎంట్రీ ఇవ్వాలంటే ఐపిన్ అనే గుర్తింపు సంఖ్య తీసుకుని, దాని వార్షిక రుసుము చెల్లించాలి. పద్నాలుగేళ్లు నిండనివారికి వృత్తి టోర్నీల్లో ప్రవేశం లేదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది వరకు ఏడాదికి ఇన్ని టోర్నీలే ఆడాలనే పరిమితి ఉంటుంది. కనీసం మూడు టోర్నీల్లో పాయింట్లు సాధించినా, మొత్తం మీద 10 పాయింట్లు చేరినా డబ్ల్యూటీఏ జాబితాలో పేరు కనిపిస్తుంది. మొదట్లో క్వాలిఫయింగ్ ఆడవలసి వస్తుంది. అక్కడ మూడో సెట్టుకు బదులుగా పది పాయింట్ల టైబ్రేక్ ఉంటుంది కాబట్టి, నిలకడగా ఆడి ప్రత్యర్థిని అలసటతో గెలిచే అలవాటున్నవారు సాధనలో ఆ టైబ్రేక్‌ను ప్రత్యేకంగా ఆడి చూసుకోవాలి.

వారాన్ని ఎంచుకోవడం

ఐటీఎఫ్ మహిళల టోర్నీలకు ఎంట్రీ గడువు టోర్నీ మొదలయ్యే సోమవారానికి 18 రోజుల ముందు వచ్చే గురువారం. జరిమానా లేకుండా తప్పుకోవడానికి గడువు 13 రోజుల ముందు వచ్చే మంగళవారం. ఈ రెండు తేదీల మధ్య ఉన్న ఐదు రోజులే మీ అసలు పని దినాలు. గురువారం గడువు ముగిశాక ఎంట్రీ జాబితా వస్తుంది. ప్రధాన డ్రాలో ఉన్నవారు, క్వాలిఫయింగ్‌లో ఉన్నవారు, ఎవరైనా తప్పుకుంటే లోపలికి వచ్చే ఆల్టర్నేట్లు అందులో ర్యాంకుల వారీగా కనిపిస్తారు. ఒకే వారానికి ఒకటి కంటే ఎక్కువ టోర్నీలకు ప్రాధాన్య క్రమంలో ఎంట్రీ ఇచ్చే వీలుంది కాబట్టి, మంగళవారం మధ్యాహ్నానికి ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడం పూర్తిగా మీ చేతుల్లో ఉంటుంది.

ఉదాహరణకు మీ ర్యాంకు 420 అనుకుందాం. ఒకే వారంలో మూడు టోర్నీలున్నాయి (డబ్ల్యూ పక్కనున్న అంకె విజేతకు వచ్చే పాయింట్లను చెబుతుంది): డబ్ల్యూ15లో మీరు మూడో సీడు, అంటే ర్యాంకును బట్టి డ్రాలో మూడో స్థానం, డబ్ల్యూ35లో సీడింగ్ లేకుండా ప్రధాన డ్రా, డబ్ల్యూ75లో క్వాలిఫయింగ్ ఎనిమిదో సీడు. చాలామంది మొదటిదానికే మొగ్గుతారు, గెలిచే అవకాశం ఎక్కువ కనుక. కానీ అక్కడ ఫైనల్ వరకు వెళ్లి ఓడినా వచ్చేవి 10 పాయింట్లు. డబ్ల్యూ75 క్వాలిఫయింగ్‌లో ఆడిన ప్రతి మ్యాచూ పై మెట్టు మీద ఆడేవారి బంతి ఎంత బరువుగా వస్తుందో చూపిస్తుంది కానీ, మూడు వారాలు వరసగా అక్కడే ఓడితే పాయింట్లూ మిగలవు, ధైర్యమూ మిగలదు. అందుచేత 420వ ర్యాంకులో ఉన్నవారికి నేను చెప్పేది డబ్ల్యూ35నే ఇంటిగా భావించమని. నాలుగు వారాల్లో రెండు డబ్ల్యూ35, ఒకటి పై మెట్టు, ఒకటి విశ్రాంతి. డబ్ల్యూ15ను గాయం నుంచి కోలుకుంటున్నప్పుడో, గెలుపు రుచి మరిచిపోయినప్పుడో వాడుకోవాలి.

ఎంట్రీ జాబితాను చదివేటప్పుడు సీడింగ్ ఒక్కటే చూడకండి. నేల ఏ రకం, ఎత్తైన ప్రదేశమా, ఏ కంపెనీ బంతులు, ముందు వారం ఆడే చోటి నుంచి అక్కడికి ప్రయాణం ఎంత, అన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. బంతి మారితే మొదటి రెండు రోజులు మణికట్టుకే తెలుస్తుంది. గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ జరిగే వారంలో 100 నుంచి 230 వరకు ర్యాంకులున్నవారిలో అధిక భాగం అక్కడే ఉంటారు; ఆ వారం జరిగే ఐటీఎఫ్ టోర్నీల జాబితాలు పలుచబడతాయి. ఏడాదిలో ఇలాంటి వారాలు నాలుగే. వాటికి బాగా కోలుకున్న శరీరంతో వెళ్లేలా ముందు వారాలను అమర్చుకున్నవారు ఒక్కోసారి రెండు నెలల పాయింట్లను ఏడు రోజుల్లో తెచ్చుకుంటారు.

ట్యునీషియాలోని మొనస్తీర్, టర్కీలోని అంటాల్యా, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వంటి చోట్ల ఒకే రిసార్టులో వారం తరువాత వారం డబ్ల్యూ15 టోర్నీలు జరుగుతుంటాయి. ఒక్క విమాన టికెట్టుతో నాలుగు టోర్నీలు, గది మారే అవసరం లేదు, వంటగది వాళ్లకు మీ అలవాట్లు తెలిసిపోతాయి. ఈ సౌకర్యం వృత్తి మొదట్లో మేలు చేస్తుంది. నష్టం కూడా అక్కడే ఉంది: అదే కోర్టు, అదే గాలి, అవే ముఖాలు, చివరికి పైన చెప్పిన 270 లెక్క. మూడు నాలుగు వారాలకు మించి అక్కడ ఉండిపోతే ర్యాంకు కదలకుండానే కాలం గడిచిపోతుంది.

ఇక గ్రాండ్‌స్లామ్ ఎంట్రీల సంగతి. క్వాలిఫయింగ్ జాబితాకు వాడేది సుమారు నాలుగు వారాల ముందటి ర్యాంకు. దీని ప్రకారం ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు డిసెంబరు రెండో వారం, రోలాండ్ గారోస్‌కు (ఫ్రెంచ్ ఓపెన్) ఏప్రిల్ రెండో సగం, వింబుల్డన్‌కు మే చివర, యూఎస్ ఓపెన్‌కు జూలై రెండో సగం మీ గడువులవుతాయి. ఏడాది ప్రణాళికను జనవరి నుంచి ముందుకు కాకుండా, ఈ నాలుగు తేదీల నుంచి వెనక్కి రాసుకోవాలి. నవంబరులో అందరూ అలసిపోయి ఇళ్లకు వెళ్లే సమయంలో మరో రెండు టోర్నీలు ఆడినవారు కొందరు జనవరిలో మెల్‌బోర్న్ విమానం ఎక్కడానికి కారణం ఇదే.

పాయింట్లు 52 వారాల తరువాత రాలిపోతాయి. పోయిన ఏడాది గెలిచిన టోర్నీ వారం దగ్గర పడుతుంటే గుండె దడ మొదలవుతుంది. ఆ పాయింట్లను కాపాడుకోవడానికి అదే ఊరికి పరుగెత్తవలసిన పని లేదు, ఎక్కడ సంపాదించినా పాయింటు పాయింటే. మరో మాట, ర్యాంకు కదలడం మొదలైతే చాలా త్వరగా కదులుతుంది. కెనడాకు చెందిన విక్టోరియా ఎంబోకో 2025 ఆరంభంలో 300కు అవతల ఉండి, ఐటీఎఫ్ టోర్నీల్లో వరసగా 22 మ్యాచులు గెలిచి, అదే ఏడాది ఆగస్టులో మాంట్రియల్‌లో గ్రాండ్‌స్లామ్‌ల తరువాతి స్థాయి అయిన డబ్ల్యూటీఏ 1000 టైటిల్ అందుకుంది. అందరికీ అలా జరగదు. కానీ ఆమె కూడా మొదలుపెట్టింది ఈ మెట్ల మీదే.

కోర్టు దగ్గర ఒక రోజు

మొదటిసారి డబ్ల్యూ15కు వెళ్లేవారు ఏమి చూస్తారో చెప్పడం అవసరం. మర్నాటి ఆటల క్రమం రాత్రికి వస్తుంది. మీ పేరు పక్కన గంట ఉండకపోవచ్చు, ఫలానా మ్యాచ్ తరువాత అని మాత్రమే ఉంటుంది. ఆ ముందు మ్యాచ్ గంటా పది నిమిషాల్లో ముగియవచ్చు, మూడున్నర గంటలు సాగవచ్చు. తిండి ఎప్పుడు తినాలి, ఎప్పుడు వేడెక్కాలి అన్నది మీరే ఊహించాలి. సంచిలో అరటిపండు, ఉప్పు కలిపిన నీళ్లు, మారుచొక్కా ఉంచుకుని, ముందు మ్యాచ్‌లో ఒకరు మొదటి సెట్టు గెలిచి రెండో సెట్టులో బ్రేక్ సాధించారంటే (ప్రత్యర్థి సర్వీసు గేమును గెలిచారంటే) తాడాట మొదలుపెట్టేయాలి. కుర్చీలో ఒక్క అంపైరు తప్ప గీతల దగ్గర ఎవరూ లేకపోవచ్చు. బంతులు మీరే ఏరుకోవలసి రావచ్చు. రెండు సర్వీసుల మధ్య కంచె దగ్గరికి నడిచి బంతి తెచ్చుకునే ఆ కొద్ది సెకన్లను కొత్తవారు విసుగుతో పాడుచేసుకుంటారు. అనుభవమున్నవారు వాటిని ఊపిరి పీల్చుకోవడానికి వాడుకుంటారు.

రాకెట్ల సంగతి కూడా ఇక్కడే. పాలియెస్టర్ తీగ తెగకపోయినా బిగువు కోల్పోతుంది. కొన్ని గంటల ఆట తరువాత బంతి అంగుళాల తేడాతో బయట పడటం మొదలవుతుంది, తప్పు చేతిదని మనం అనుకుంటాం. మ్యాచ్‌కు కనీసం రెండు కొత్తగా బిగించిన రాకెట్లతో వెళ్లాలి. టోర్నీ దగ్గర తీగ కట్టించుకుంటే ప్రతి రాకెట్‌కూ డబ్బు ఇవ్వాలి, ఏడాది చివర ఆ మొత్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే కొందరు సూట్‌కేసులో పట్టే చిన్న యంత్రం కొనుక్కుని హోటల్ గదిలో మంచం పక్కన తామే కట్టుకుంటారు. ఒక రాకెట్‌కు ముప్పావు గంట పడుతుంది. మ్యాచ్ ముందు రాత్రి ఆ పని మనసును కుదుటపరుస్తుందని చెప్పేవారూ ఉన్నారు, వేళ్లు నొప్పి పుట్టి మానేసినవారూ ఉన్నారు.

డబ్బు

ప్రతి వారానికీ ఒక పేజీ కేటాయించి ప్రయాణం, బస, తిండి, తీగలు, దుస్తుల ఉతుకు, ఫిజియో, కోచ్ అని వరసలు గీసి రాయండి. దాని ఎదురుగా వచ్చిన బహుమతి సొమ్మును పన్ను పోగా రాయాలి. చాలా దేశాలు విదేశీ క్రీడాకారుల బహుమతి సొమ్ములోంచి పన్నును అక్కడే మినహాయిస్తాయి. అమెరికాలో సాధారణంగా అది 30 శాతం. ఆ మినహాయింపు రసీదులను దాచుకోకపోతే స్వదేశంలో మళ్లీ పన్ను కట్టవలసిన పరిస్థితి వస్తుంది. టోర్నీ బస ఇస్తుందా లేదా అన్నది ఎంట్రీ ఇచ్చే ముందే చూసుకోవాలి; బహుమతి తక్కువైనా బస ఉచితమైన టోర్నీలో తొలి రౌండ్ ఓటమి అంతగా గాయపరచదు.

ఆదాయం విషయంలో నేను గట్టిగా చెప్పేది క్లబ్ లీగుల గురించి. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ దేశాల్లో క్లబ్బుల మధ్య జరిగే జట్టు పోటీలకు విదేశీ క్రీడాకారిణులను కూడా తీసుకుంటారు. ఒక మ్యాచ్‌కు ఇంత అని ముందే ఒప్పుకుంటారు, ఓడినా ఆ సొమ్ము వస్తుంది. ర్యాంకింగ్ పాయింట్లు ఉండవు కనుక చాలామంది చిన్నచూపు చూస్తారు. ఖాయంగా వచ్చే ఆదాయం అంటూ ఈ వృత్తిలో దొరికేది దాదాపు ఇదొక్కటే. స్పాన్సర్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఈ ర్యాంకుల్లో రాకెట్లో, బూట్లో ఇస్తారు, నగదు అరుదు. కోచ్‌ను పూర్తికాలం వెంట తిప్పుకోలేనివారు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరిని పెట్టుకోవడం మంచి పద్ధతి. అయితే ఆ ఇద్దరూ ఒకే డ్రాలో ఎదురుపడితే కోచ్ ఎవరి వైపు కూర్చోవాలో ముందే మాట్లాడుకోవాలి. మాట్లాడుకోకపోతే ఆ ఒక్క మ్యాచ్‌తో ఏర్పాటు చెడిపోతుంది.

డబుల్స్ ఆడటం మానకండి. అద్వాంటేజ్ లేని స్కోరింగ్ (40-40 దగ్గర ఒక్క పాయింటుతో గేము తేలిపోతుంది), మూడో సెట్టుకు బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఉండడం వల్ల శరీరం మీద భారం తక్కువ. వచ్చే సొమ్ము చిన్నదైనా వేన్నీళ్లకు చన్నీళ్ల తోడు. పైగా సింగిల్స్‌లో ఓడినా అదే ఊళ్లో మరో రెండు రోజులు పోటీ వాతావరణంలో ఉండవచ్చు. డబుల్స్ ర్యాంకు మెరుగైతే సింగిల్స్‌లో మీకు చోటు దొరకని పెద్ద టోర్నీల్లోకి అది తీసుకువెళ్తుంది, అక్కడ పై ర్యాంకులవారితో సాధన చేసే వీలు కలుగుతుంది.

గాయం, మాతృత్వం, మందులు

గాయంతో ఆరు నెలలు దాటి ఆటకు దూరమైతే డబ్ల్యూటీఏ ప్రత్యేక ర్యాంకు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆట ఆపిన నాటి ర్యాంకుతో తిరిగి వచ్చాక పరిమిత సంఖ్యలో టోర్నీలకు ఎంట్రీ ఇవ్వడానికి అది పనికొస్తుంది. అందువల్ల నాలుగున్నర నెలలకే తొందరపడి తిరిగి వచ్చి, ఆ హక్కు పోగొట్టుకుని, క్వాలిఫయింగ్‌లో అరకొర శరీరంతో ఓడిపోవడం కంటే మరో ఆరు వారాలు ఆగడం మేలు. ఫ్రాన్స్‌కు చెందిన లోయిస్ బోయిసోన్ 2024 రోలాండ్ గారోస్‌కు కొద్ది రోజుల ముందు మోకాలి లిగమెంటు తెగి, వైల్డ్‌కార్డు (ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు ఇచ్చే ప్రవేశం) ఉండీ ఆడలేకపోయింది. 2025లో 361వ ర్యాంకుతో వైల్డ్‌కార్డుగా వచ్చి సెమీఫైనల్ చేరింది. ప్రసవం తరువాత తిరిగి వచ్చేవారికి ప్రత్యేక ర్యాంకు వాడుకునే గడువు ఇంకా ఎక్కువ. 2025లో డబ్ల్యూటీఏ అర్హులైన క్రీడాకారిణులకు 12 నెలల వరకు వేతనంతో కూడిన ప్రసూతి సెలవును కూడా ప్రకటించింది. ఇద్దరు పిల్లల తల్లి అయిన తాత్యానా మారియా 2022 వింబుల్డన్ సెమీఫైనల్ ఆడేనాటికి ఆమె ర్యాంకు 103.

సప్లిమెంట్ల విషయంలో పెద్ద క్రీడాకారిణులకు ఉన్న వెసులుబాటు మీకు లేదు. పోలండ్‌కు చెందిన ఇగా ష్వియాంటెక్ 2024లో నిద్ర కోసం వాడిన కలుషితమైన మెలటోనిన్ కారణంగా డోపింగ్ పరీక్షలో పట్టుబడి, కారణం నిరూపించుకుని ఒక నెల నిషేధంతో బయటపడింది. అలా నిరూపించడానికి ప్రయోగశాలలకూ న్యాయవాదులకూ అయ్యే ఖర్చు 400వ ర్యాంకు క్రీడాకారిణి భరించలేదు. తప్పనిసరి కాని మాత్ర ఏదీ వేసుకోకపోవడం, వేసుకున్న ప్రతిదాని బ్యాచ్ సంఖ్య ఫొటో తీసి, సీసాలో కొంత మిగిల్చి ఉంచడం చౌకైన జాగ్రత్త.

పందెగాళ్లు

కింది స్థాయి మ్యాచుల స్కోర్లు ప్రత్యక్షంగా బెట్టింగ్ కంపెనీలకు చేరతాయి. 2018లో వెలువడిన స్వతంత్ర సమీక్ష నివేదిక ఈ మెట్ల మీదే ఫిక్సింగ్ ముప్పు తీవ్రంగా ఉందని చెప్పింది. ఖాళీ జేబుతో ఉన్నవారి దగ్గరికే ఆ మనుషులు వస్తారు, అదీ మొదటిసారి ఒక సెట్టు కోసమో, ఒక గేము కోసమో. ఒప్పుకోకపోవడంతో బాధ్యత తీరదు. ఎవరైనా సంప్రదించిన సంగతిని అంతర్జాతీయ టెన్నిస్ ఇంటెగ్రిటీ సంస్థకు వెంటనే తెలియజేయకపోవడం కూడా నేరమే. తోటి క్రీడాకారిణి గాయం గురించి సరదాగా బయటివారికి చెప్పడం కూడా ప్రమాదం.

ఓడిన రోజున ఫోన్ నిండా తిట్లు వస్తాయి. టెన్నిస్ సంస్థలు 2024 సంవత్సరానికి చేయించిన పరిశీలనలో క్రీడాకారులను దూషించిన సందేశాల్లో 40 శాతం పందెం పోగొట్టుకున్నవారివేనని తేలింది. అవి మీ ఆట గురించి ఏమీ చెప్పవు. మ్యాచ్ రోజుల్లో ఖాతాలను ఇంట్లోవారికో స్నేహితురాలికో అప్పగించి, అపరిచితుల సందేశాలు మూసివేయడం మంచిది.

కొనసాగాలా, ఆపాలా

పద్దెనిమిదేళ్ల దగ్గర ర్యాంకు ఇంకా 500 దాటే ఉంటే అమెరికా కాలేజీ టెన్నిస్‌ను ఓటమిగా చూడనవసరం లేదు. డేనియల్ కాలిన్స్ 2014, 2016లో కాలేజీ చాంపియన్‌గా నిలిచి, 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడింది. ఎమ్మా నవారో 2021 కాలేజీ చాంపియన్.

ఆ తరువాతి వయసులో నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు ర్యాంకును కాక, గత రెండు సీజన్లలో 150 నుంచి 300 మధ్య ఉన్నవారితో ఆడిన మ్యాచుల స్కోర్లను ఒక కాగితం మీద రాయండి. ఓటముల్లో మూడో సెట్లు ఎక్కువగా ఉంటే మరో ఏడాది పెట్టుబడి పెట్టవచ్చు. అన్నీ 6-2, 6-2 తరహాలో ఉండి, పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ తేడా లేకపోతే, కోచ్‌నో ఆటతీరునో మార్చాలి, లేదా డబుల్స్ వైపు పూర్తిగా మళ్లాలి. మానేయాలనే నిశ్చయానికి వచ్చినా రిటైర్మెంట్ పత్రాన్ని ఓడిన వారంలో పంపకండి. డోపింగ్ పరీక్షల నమోదిత జాబితాలో ఉన్నవారు ఒకసారి రిటైరై తిరిగి రావాలనుకుంటే ఆరు నెలల ముందు నోటీసు ఇచ్చి, ఆ కాలమంతా పరీక్షలకు అందుబాటులో ఉండాలి. ముందు ఆరు వారాలకు ఎంట్రీలు ఇవ్వడం ఆపి, ఏడో వారం గురువారం నాడు ఎంట్రీ జాబితా తెరిచి చూడాలనిపిస్తుందో లేదో గమనించి, పత్రం అప్పుడు పంపవచ్చు.